పిల్లలతో సముద్ర వేటకు వెళ్లాలంటే: గోపాల్‌పూర్ తీరంలో తెప్ప ఎక్కేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే. "మావాణ్ణి ఒక్కసారి సముద్రం మీదికి తీసుకెళ్లి గేలం వేయించాలి. ఎవరిని అడగాలి? ఏం పట్టుకెళ్లాలి? భయం లేదు కదా?" ఈ గైడ్ వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మన మత్స్యకారుల ఫైబర్ తెప్ప గురించి. వెనక చిన్న ఇంజిన్ ఉంటుంది. పైకప్పు ఉండదు, బాత్రూమ్ ఉండదు, ఆనుకుని కూర్చోవడానికి సీటూ ఉండదు. హార్బర్ నుంచి కాదు, ఇసుక మీంచి నేరుగా కెరటాల్లోకి నెడతారు. అందుకే టూరిస్టు బోటుకు సరిపోయే జాగ్రత్తలు దీనికి చాలవు.

ఒక సంగతి ముందే తేల్చుకోండి. ఆ రోజు మీరు చేపలు పట్టడానికి వెళ్లడం లేదు. సముద్రం సంగతి తండేలు (తెప్ప నడిపే పెద్ద మత్స్యకారుడు) చూసుకుంటాడు, గేలం పిల్లల చేతిలో ఉంటుంది, మీ రెండు కళ్లూ పిల్లల మీద ఉండాలి. మీకు కూడా గేలం వేయాలని గట్టిగా ఉంటే ఇంకో రోజు పెద్దవాళ్లతో వెళ్లండి.

1. ముందు నెల చూసుకోండి

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో (గోపాల్‌పూర్ ఉన్నది ఇక్కడే) పిల్లలతో వెళ్లడానికి డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు మంచిది. ఉదయం గాలి తక్కువగా ఉంటుంది, కెరటాలు కూడా చిన్నవిగా ఉంటాయి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వల్ల ఒడ్డున కెరటాలు పెద్దవిగా విరుగుతాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబరు 11న. దసరా సెలవులు కదా అని ప్లాన్ వేసుకునేవాళ్లు ఈ తేదీలు గుర్తుంచుకోండి.

నిషేధాలు రెండున్నాయి:

- తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్ ఉన్న తెప్పకు మినహాయింపు ఉందనుకోకండి.
- రుషికుల్య నది ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా నిషేధం.

అంటే వాతావరణం బాగుండే నెలలన్నీ రెండో నిషేధంలోనే పడతాయి. కాబట్టి రుషికుల్య వైపు ఊళ్ల నుంచి బయల్దేరొద్దు. గోపాల్‌పూర్, ఇంకా దక్షిణంగా మార్కండి, సోనాపూర్ వైపు చూసుకోండి. అక్కడ కూడా ఎంత దూరం వెళ్లొచ్చో, బయటివాళ్లను ఎక్కించుకోవచ్చో లేదో మత్స్యశాఖ ఆఫీసులోనో మెరైన్ పోలీస్ స్టేషన్‌లోనో ఒకసారి అడగండి. అడిగి వెళ్తే తండేలుకు కూడా ఇబ్బంది రాదు.

2. తెప్ప కాదు, తండేలును ఎంచుకోండి

గోపాల్‌పూర్ చుట్టుపక్కల మత్స్యకార పేటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒడియా వాళ్లు నోళియాలు అనేది వీళ్లనే. భాష సమస్య లేదు. కానీ బీచ్‌లో మీ దగ్గరికొచ్చి "సార్, బోటింగ్?" అని అడిగేవాళ్లతో బేరం కుదుర్చుకోకండి. ముందురోజు సాయంత్రం, వలలు సర్దుకునే వేళ పేటకు వెళ్లండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.

అడగాల్సినవి:

- "మావయ్యా, పిల్లతో వస్తున్నాం. కెరటం బాగాలేకపోతే చెప్పేస్తావా?" జవాబు కంటే చెప్పే తీరు గమనించండి. "ఏం కాదు, నేనున్నాను" అని తేలిగ్గా తీసేసేవాడికంటే, "పొద్దున్నే చూసి చెప్తాను" అనేవాడు మేలు.
- తెప్పకు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? రాసుకోండి.
- ఎంతమంది వస్తారు? తండేలు కాకుండా కనీసం ఇంకో మనిషి ఉండాలి. ఒకరు ఇంజిన్ దగ్గర ఉంటే, ఇంకొకరి చేతులు ఖాళీగా ఉండాలి.
- తెడ్లు, లంగరు, పొడవాటి తాడు తెప్పలోనే ఉంటాయా? ఇంజిన్ ఆగిపోతే పనికొచ్చేవి ఇవే.

డబ్బు సంగతి కూడా అప్పుడే మాట్లాడేయండి. మీకోసం వాళ్లు ఆ రోజు వేట వదులుకుంటారు. పెట్రోలు ఖర్చు, ఇద్దరి కూలి, తెప్ప వాటా కలిపి ఇవ్వడం న్యాయం. ఇంకో మాట గట్టిగా చెప్పండి: ఒడ్డు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయినా, గంటలో తిరిగొచ్చినా ఇచ్చేది అంతే. డబ్బు కోసం ఎవరూ మొండిగా సముద్రంలోకి వెళ్లాల్సిన పని ఉండదు.

3. పిల్లలు సిద్ధంగా ఉన్నారో లేదో రంభలో చూసుకోండి

నా లెక్కలో ఎనిమిదేళ్లు నిండాలి. ఈత పూర్తిగా రాకపోయినా, నీళ్లలో వెల్లకిలా తేలడం, ముఖం మీద నీళ్లు పడితే కంగారుపడకుండా ఉండటం రావాలి. అన్నిటికంటే ముఖ్యంగా "కూర్చో" అంటే ఆ క్షణమే కూర్చోవాలి. ఎందుకు అని అడిగే పిల్లలు మంచివాళ్లే, కానీ తెప్పలో ముందు కూర్చుని తర్వాత అడగాలి.

సముద్రానికి ముందు ఒక ఆదివారం చిలికా సరస్సులో రంభ దగ్గర బోటెక్కించండి. అదీ మన గంజాం జిల్లాలోనే. కెరటాలుండవు. లైఫ్ జాకెట్ వేసుకుని గంటసేపు కూర్చోగలుగుతున్నారా, కడుపు తిప్పుతోందా, విసుగొస్తోందా అన్నీ అక్కడే తెలిసిపోతాయి. అక్కడే వాంతులయ్యే పిల్లల్ని ఈ ఏడాదికి సముద్రం మీదికి తీసుకెళ్లకండి.

4. లైఫ్ జాకెట్: మీదే కొనుక్కోండి

తెప్పలో ఉండేవి పెద్దవాళ్ల సైజువి. పిల్లలకు వేస్తే నీళ్లలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది. అందుకే ఈ ఒక్కటీ అరువు తెచ్చుకోకండి.

- లోపల లేబుల్ మీద బరువు రాసి ఉంటుంది. మీ పిల్లల బరువుకు సరిపోవాలి. "ఎదుగుతాడులే" అని పెద్దది కొనకూడదు.
- సముద్రానికి 100 న్యూటన్ల రకం (న్యూటన్లు అంటే నీళ్లలో పైకి తేల్చే బలం), మెడ వెనక కాలర్ ఉన్నది తీసుకోండి. ముఖాన్ని పైకి తిప్పి ఉంచేది ఆ కాలరే.
- కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి.
- పరీక్ష: జాకెట్ బిగించి భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది వదులు.
- విజిల్ కట్టి ఉంచండి. ఊదడం ఇంట్లోనే నేర్పండి.

భయంతో పిల్లల్ని తాడుతో తెప్పకు కట్టేసేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. తెప్ప తిరగబడితే ఆ తాడే పిల్లల్ని కింద పట్టి ఉంచుతుంది.

మీ జాకెట్ మీరూ వేసుకోవాలి. మీరు వేసుకోకుండా పిల్లల్ని వేసుకోమంటే వాళ్లు వినరు. పైగా పిల్ల నీళ్లలో పడితే దూకేది మీరే.

5. ముందురోజు సాయంత్రం: గాలి, కెరటం

వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరిక చూడండి. దక్షిణ ఒడిశా తీరానికి హెచ్చరిక ఉంటే ప్లాన్ అక్కడితో ఆపేయండి. తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచన చూడండి. వాళ్ల 'సముద్ర' యాప్‌లో కూడా దొరుకుతుంది.

చాలామంది గాలి ఒక్కటే చూస్తారు. మూడు చూడాలి:

- గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటితే పిల్లలతో వద్దు.
- అల ఎత్తు మీటరు దాటితే వద్దు.
- అలకూ అలకూ మధ్య సమయం కూడా చూడండి. ఇది 12 సెకన్లు దాటిందంటే ఎక్కడో దూరంగా పుట్టిన ఉబ్బు (పొడవాటి అలల వరస) ఇక్కడికి వస్తోందన్నమాట. లోపల సముద్రం నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒడ్డు దగ్గరకొచ్చేసరికి అదే నీరు లేచి బలంగా విరుగుతుంది. ఎండ కాస్తోంది, గాలి లేదు అని మోసపోయేది ఇలాంటి రోజునే.

ఈ అంకెలు పిల్లలతో వెళ్లేవాళ్ల కోసం నేను పెట్టుకున్న హద్దులు. మత్స్యకారులు ఇంతకంటే ఎక్కువలో కూడా వెళ్తారు. వాళ్లతో పోల్చుకోవద్దు.

6. సంచిలో ఏముండాలి

- మంచినీళ్లు మనిషికి రెండు లీటర్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- ఫ్లాస్కులో వేడి నీళ్లు (టీ కోసం కాదు, ఎందుకో పదో భాగంలో చెప్తాను)
- తాడున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్
- ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, రెండు పాలిథిన్ కవర్లు
- చిన్న కత్తెర, పట్టకారు, బ్యాండేజీ, డెటాల్
- వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో నిండా ఛార్జింగ్ ఉన్న ఫోన్, అందరి ఆధార్ కార్డులు
- మూత ఉన్న చిన్న బకెట్ (బాత్రూమ్ కోసం, ఆడపిల్లలతో వెళ్తే కప్పుకోవడానికి ఒక చీర లేదా దుప్పటి)
- ఐస్ వేసిన బాక్సు

ఒడ్డున ఒక మనిషికి కాగితం మీద రాసి ఇవ్వండి: తెప్ప నంబరు, తండేలు ఫోన్ నంబరు, ఎంతమంది వెళ్లారు, ఎన్నింటికి తిరిగొస్తారు. ఆ టైము దాటి గంటయినా రాకపోతే ముందు పేటలో చెప్పాలి, తర్వాత మెరైన్ పోలీసులకు చెప్పాలి, కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చేయాలి. సముద్రం మీద ఆపద వస్తే మీరు చేయాల్సింది కూడా ఈ నంబరుకే. ఫోన్‌లో సేవ్ చేసి, కాగితం మీద కూడా రాసుకోండి.

7. తిండి, నిద్ర

రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెట్టండి. నిద్ర చాలని పిల్లలకే ముందు కడుపు తిప్పుతుంది.

పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కించొద్దు, పూరీలూ పెట్టొద్దు. బయల్దేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలో అరటిపండో చాలు. పాలు వద్దు. వాంతి మాత్ర వేయాలనుకుంటే పిల్లల డాక్టరును అడిగి బరువును బట్టి డోసు రాయించుకోండి. పెద్దల మాత్ర సగం విరిచి వేయడం ప్రమాదం.

8. కెరటాలు దాటడం

రోజు మొత్తంలో అసలైన పావుగంట ఇదే. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది లోపల సముద్రంలో కాదు, ఒడ్డు నుంచి యాభై, వంద మీటర్లలోనే.

చీకట్లో బయల్దేరకండి. తెల్లారి, మనుషుల ముఖాలు కనిపించాక వెళ్లండి. మంచుంటే కరిగేదాకా ఆగండి. వెళ్లగానే తెప్ప ఎక్కొద్దు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పావుగంట కెరటాలు లెక్కపెట్టించండి. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి. మూడు, నాలుగు, ఒక్కోసారి ఐదు. ఆ తర్వాత కాసేపు చిన్నవే వస్తాయి. "ఇప్పుడు చిన్నవి నాన్నా!" అని పిల్లలే చెప్పడం మొదలుపెడతారు. తండేలు తెప్ప నెట్టేది కూడా సరిగ్గా ఆ సందులోనే. ఏం జరగబోతోందో తెలిసిన పిల్లలకు భయం సగం తగ్గుతుంది.

విరిగే కెరటం మీ పిల్లల నడుము దాటి ఉంటే ఆ రోజు వద్దు. తండేలు వెళ్దామన్నా వద్దు. తండేలు వద్దంటే మాత్రం మీరు ఏమీ అనకండి, ఇంటికి రండి.

వెళ్లేటప్పుడు వరస ఇది:

1. చెప్పులు ఒడ్డునే వదిలేయాలి. తెప్పలో చెప్పులు వేసుకోవడం మత్స్యకారులకు నచ్చదు, జారిపడతారు కూడా.
2. తెప్ప ఇంకా ఇసుక మీద ఉండగానే పిల్లల్ని ఎక్కించండి. నడుము లోతు నీళ్లలో నిలబడి ఎత్తి అందించడం వద్దు.
3. మధ్యలో, అడుగున కూర్చోబెట్టండి. ముందు భాగం కెరటం మీద లేచి దబ్బున పడుతుంది. వెనక ఇంజిన్, పెట్రోలు వాసన.
4. వల, తాడు చుట్టల మీద కూర్చోకూడదు. పాదం తాడు చుట్టలో ఉందేమో మీరే చేత్తో తడిమి చూడండి.
5. మీరు వెనక కూర్చుని మీ మోకాళ్ల మధ్య పిల్లల్ని ఉంచుకోండి. వాళ్ల రెండు చేతులూ అడ్డచెక్కను పట్టుకోవాలి, అంచును కాదు.
6. "మోకాళ్లు వంచు, పళ్లు బిగించు" అని చెప్పండి. నోరు తెరిచి ఉంటే తెప్ప పడ్డప్పుడు నాలుక కరుచుకుంటారు.

తెప్ప లేచి పడుతుంది, ముఖం మీద ఉప్పునీళ్లు కొడతాయి, మనుషులు అరుస్తారు. ఆ అరుపులు కోపం కాదని, అలాగే మాట్లాడుకుంటారని ముందే చెప్పి ఉంచండి. ఆఖరి కెరటం దాటాక ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా సన్నబడుతుంది. అప్పటిదాకా ఫోన్ తీయకండి. వీడియో తీస్తూ ఒంటిచేత్తో పిల్లల్ని పట్టుకోవడం ఇక్కడ నేను చూసే అతి పెద్ద తప్పు.

9. గేలం వేయించడం

దూరం వెళ్లాల్సిన పని లేదు. ఒడ్డు కనిపిస్తూ ఉండాలి. గోపాల్‌పూర్ లైట్‌హౌస్‌ను గుర్తుగా పెట్టుకుని, అది కనిపించేంతలోనే ఉండమనండి.

పిల్లలకు రాడ్, రీల్ వద్దు. చేతి తాడే మేలు. చెక్క ముక్కకో ప్లాస్టిక్ చక్రానికో చుట్టిన నైలాన్ దారం, చివర సీసం గుండు, దానికి జానెడు పైన ఒకే ఒక్క గేలం. గేలం మొన వెనక ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేపలు రెండు తప్పించుకుంటాయి, పోనివ్వండి. వేలికి గుచ్చుకుంటే మాత్రం వచ్చిన దారినే బయటికి వచ్చేస్తుంది.

ఎర రొయ్య ముక్క. లేదంటే కవ్వళ్లు (చిన్న చేపలు) కోసిన ముక్క. గేలం మొన కాస్త బయటికి కనిపించేలా గుచ్చాలి.

1. గుండును చేత్తో వదలాలి, తిప్పి విసరకూడదు. వెనక మనుషులుంటారు.
2. దారం చూపుడు వేలి మీదుగా జారనివ్వాలి. గుండు అడుగు తగలగానే దారం ఒక్కసారి వదులవుతుంది.
3. అక్కడి నుంచి ఒక బారెడు పైకి లాగి ఆపాలి.
4. వేలి మీద దారం ఉంచి ఊరుకోవాలి. ముందు టిక్, టిక్ అని చిన్నగా తగులుతుంది. అది రుచి చూడటం. అప్పుడు లాగితే ఎర మాత్రమే పోతుంది. దారం గట్టిగా కిందికి దిగినప్పుడు చేతిని ఒక్కసారి పైకి లాగి, ఇక ఆపకుండా రెండు చేతులతో చుట్టుకురావాలి.

దారాన్ని అరచేతికో వేలికో చుట్టుకోనివ్వకండి. చిన్న గొరక చేప అయితే పర్వాలేదు. పెద్ద చేప పట్టి పరుగెత్తితే నైలాన్ బ్లేడులా కోస్తుంది. పాత నూలు గ్లౌజులు వేస్తే ఇంకా మంచిది.

అరగంటైనా ఏమీ పడకపోతే పిల్లలకు విసుగొస్తుంది. చోటు మార్చమని అడగండి. లేదా తండేలు వల లాగుతుంటే చూడనివ్వండి. కానాగంతలు, సావిడాయిలు, నెత్తళ్లు ఏవి ఏవో పేర్లు చెప్పించండి. ఈ పేర్లు వాళ్ల నోటి నుంచి వినడం బాగుంటుంది. వేలెడంత చేపల్ని బతికుండగానే నీళ్లలో వదిలేయించండి.

10. ముట్టుకోకూడనివి

- జెల్ల: వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్లు. గేలానికి ఎక్కువగా పడేది ఇదే. తువ్వాలుతో పట్టి, పట్టకారుతో పెద్దవాళ్లే తీయాలి.
- టేకు (బల్లపరుపుగా, వెడల్పుగా ఉండే చేప): తోక మీద విషపు ముల్లు. తెప్పలోకి తీసుకోకుండా దారం కోసేయండి.
- సముద్రపు పాము: వలలో వస్తుంది. చచ్చినట్టు కనిపించినా ముట్టుకోవద్దు. కాటు నొప్పి లేకుండానే ఉండొచ్చు. అనుమానం వచ్చినా నేరుగా ఆస్పత్రికి.
- పొట్ట ఉబ్బించుకునే చేప: పిల్లలకు బొమ్మలా కనిపిస్తుంది. తినకూడదు, విషం.

జెల్ల ముల్లో టేకు ముల్లో గుచ్చుకుంటే ఫ్లాస్కులో వేడి నీళ్లు పనికొస్తాయి. చల్లనీళ్లు కలిపి, ముందు మీ చేతికి వేడి ఓర్చుకునేలా ఉందో చూసుకుని (45 డిగ్రీలు దాటకూడదు), గుచ్చుకున్న చోటును అందులో అరగంటకు తక్కువ కాకుండా ఉంచండి. నొప్పి బాగా తగ్గుతుంది. తర్వాత డాక్టరుకు చూపించండి. ముల్లు విరిగి లోపల ఉండొచ్చు, టీటీ ఇంజెక్షన్ కూడా కావాలి.

తాబేలు కనిపిస్తే ఇంజిన్ తగ్గించి దూరంగా వెళ్లనివ్వమనండి. ఆలివ్ రిడ్లీలకు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో రక్షణ ఉంది. వలలో పడితే వల కోసైనా వదలాలి.

11. వెనక్కి ఎప్పుడు తిప్పాలి

ఇది ఒడ్డునే తేల్చుకోవాలి, పిల్లల ఎదుటే. సముద్రం మీద ఆలోచించుకుందాం అంటే "ఇంకో చేప, ఇంకొక్కటే" అవుతుంది.

- ఉదయం తొమ్మిదిన్నరకు గేలాలు పైకి తీసేయాలి. పదింటి తర్వాత సముద్రం మీంచి గాలి లేస్తుంది, కెరటం పెరుగుతుంది.
- రెండుసార్లు వాంతయినా, అరగంటలో తేరుకోకపోయినా తిప్పేయాలి. ఈలోగా ఒడ్డు గీతను చూడమనండి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా పట్టండి.
- పిల్లలు "ఇంటికెళ్దాం" అంటే రెండోసారి అనిపించుకోకుండా తిప్పాలి. "మగపిల్లాడివి, భయమేంట్రా" అనొద్దు.
- దూరంగా నల్లటి మేఘం, చల్లగాలి తగిలితే ఎవరినీ అడగక్కర్లేదు.

పిల్ల నీళ్లలో పడితే: ఇంజిన్ ఆపాలి, ఒక మనిషి వేలు చూపిస్తూ చూపు తిప్పకుండా ఉండాలి, తాడు కట్టిన ఖాళీ క్యాన్ విసరాలి. తెప్ప తిరగబడితే దాన్నే పట్టుకుని ఉండాలి. ఒడ్డు దగ్గరగా కనిపిస్తోందని ఈదబోకూడదు. ఈ రెండూ తండేలుతో కలిసి ఒడ్డు మీదే ఒకసారి చేసి చూడండి.

12. ఒడ్డుకు చేరాక

వచ్చేటప్పుడూ అదే కూర్చునే పద్ధతి. తెప్ప ఇసుక తగలగానే సరదాగా దూకేస్తారు, ఆపండి. వెనక నుంచి వచ్చే కెరటం తెప్పను ఇంకోసారి ముందుకు తోస్తుంది, దాని ముందు నిలబడ్డవాళ్ల కాళ్లు విరుగుతాయి. మనుషులు తెప్పను పట్టి ఆపాక, ముందు నుంచి పిల్లల్ని ఒడ్డు మీది మనిషికి అందించి, ఆగకుండా పొడి ఇసుక దాకా నడిపించమనండి.

చేపల్ని పట్టిన వెంటనే ఐస్‌లో వేసి ఉండాలి: ఒక వరస ఐస్, ఒక వరస చేప. కానాగంతలు ఎండలో గంటలు ఉంటే వండినా పోని విషం తయారవుతుంది, ఒళ్లు ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. ఐస్ లేకుండా ఉండిపోయినవి పులుసుకు పనికిరావు, పారేయండి.

ఇంటికొచ్చాక జాకెట్లను మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. ఉప్పు ఉండిపోతే బకిల్స్ బిగుసుకుపోతాయి. గేలాలు కడిగి, తుడిచి, కొబ్బరినూనె రాసి, చిన్న పిల్లలకు అందని చోట డబ్బాలో పెట్టండి. సాయంత్రం తండేలుకు ఫోన్ చేసి మళ్లీ ఏ వారం బాగుంటుందో అడగండి.